గుచ్చేదెవరో, పీకేదెప్పుడో: యూఎస్‌బీ డ్రైవర్ కోడ్ రివ్యూలో అసలు చూడాల్సింది

2024 డిసెంబరులో సెర్బియాలో ఒక విద్యార్థి ఉద్యమకారుడి ఆండ్రాయిడ్ ఫోన్ పోలీసుల చేతికి వెళ్లింది. ఫోన్‌కు లాక్ ఉంది. అయినా తెరుచుకుంది. రెండు నెలల తర్వాత మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ బయటపెట్టిన వివరాల ప్రకారం, ఫోన్ల లాక్ తెరిచే సెలబ్రైట్ కంపెనీ సాధనాన్ని ఆ ఫోన్ యూఎస్‌బీ పోర్టుకు తగిలించి, ఆండ్రాయిడ్‌కు పునాది అయిన లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు)లోని యూఎస్‌బీ డ్రైవర్ల (పరికరాలతో మాట్లాడే కోడ్) లోపాల మీదుగా లోపలికి వెళ్లారు. ఆ దాడికి ముడిపెట్టిన లోపాలు మూడు. ఒకటి వెబ్‌క్యామ్ డ్రైవర్‌లో, ఒకటి సౌండ్ కార్డు డ్రైవర్‌లో, ఇంకొకటి కీబోర్డులు, మౌస్‌ల లాంటి వాటిని చూసుకునే కోడ్‌లో.

ఆ ఫోన్ యజమాని దానికి ఎన్నడూ సౌండ్ కార్డు తగిలించి ఉండకపోవచ్చు. కానీ డ్రైవర్ మాత్రం లోపల సిద్ధంగా కూర్చుని ఉంది. యూఎస్‌బీలో పరికరం తన పేరు తానే చెప్పుకుంటుంది, కెర్నల్ ఆ మాట విని తగిన డ్రైవర్‌ను నిద్రలేపుతుంది. "నేను ఫలానా పాత సౌండ్ కార్డుని" అని ఒక చిన్న పెట్టె చెబితే, నిజమా కాదా అని అడిగే నాథుడు లేడు.

యూఎస్‌బీ డ్రైవర్ కోడ్‌ను రివ్యూ చేయడం (ఒకరు రాసిన కోడ్‌ను చేర్చేముందు ఇంకొకరు చదివి తప్పులు వెతకడం) మామూలు కోడ్ రివ్యూ కన్నా వేరుగా ఉండేది ఇందుకే. వెబ్‌సైట్ రాసేవాడికి ఫారంలో వచ్చే డేటాను నమ్మకూడదని మొదటి రోజే చెబుతారు. డ్రైవర్ రాసేవాడికి ఆ అనుమానం సహజంగా రాదు. చేతిలో పరికరం ఉంటుంది, దాని డేటాషీట్ ఉంటుంది, తగిలిస్తే పనిచేస్తుంది. రాసినవాడి బల్ల మీద ఆ పరికరం ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు, పని మధ్యలో ఊడి రాలేదు. ఆ రెండూ జరుగుతాయని ప్రతి లైను దగ్గరా గుర్తు చేయడమే రివ్యూ చేసేవాడి పని. మిగతావి చాలావరకు యంత్రాలు పట్టుకుంటాయి.

చర్చ గాలిలో కాకుండా ఉండటానికి ఒక చిన్న ఉదాహరణ అనుకుందాం. పెన్‌డ్రైవ్ సైజులో ఒక యూఎస్‌బీ థర్మామీటరు. దానికోసం ఎవరో మూడొందల లైన్ల డ్రైవర్ రాసి లినక్స్‌లో చేర్చమని ప్యాచ్ (కోడ్‌లో మార్పుల ప్రతిపాదన) పంపారు.

ఆ కోడ్ చదవకముందే అనుభవమున్న మెయింటైనర్ (ఆ విభాగం కోడ్ బాధ్యత చూసేవాడు) అడిగే ప్రశ్న ఒకటుంది: దీనికి కెర్నల్ డ్రైవర్ అవసరమా? కొన్ని బైట్లు పంపి, కొన్ని బైట్లు తెచ్చుకునే పరికరమైతే, లిబ్‌యూఎస్‌బీ అనే లైబ్రరీ వాడి మామూలు ప్రోగ్రామ్‌గానే రాసుకోవచ్చు. అక్కడ తప్పు జరిగితే ఆ ప్రోగ్రామ్ ఒక్కటే పోతుంది, కెర్నల్‌లో తప్పు జరిగితే మెషీన్ మొత్తం పోతుంది. వారాల తరబడి కష్టపడి రాసినవాడికి ఈ ప్రశ్న చల్లనీళ్లు నెత్తిన పోసినట్టే ఉంటుంది. కానీ కెర్నల్‌లోకి ఒకసారి చేరిన డ్రైవర్‌ను పదిహేనేళ్ల తర్వాత కూడా ఎవరో ఒకరు చూసుకోవాలి. వెబ్‌క్యామ్ డ్రైవర్ 2008లో కెర్నల్‌లో చేరింది. పైన చెప్పిన లోపం అప్పట్నుంచీ అందులోనే ఉంది, దాన్ని మూసింది 2024లో. థర్మామీటరు విషయంలో మాత్రం సమాధానం ఉంది. కెర్నల్‌లో ఉష్ణోగ్రత, ఫ్యాన్ వేగం లాంటివి చూపించడానికి హార్డ్‌వేర్ మానిటరింగ్ అనే ఏర్పాటు ఉంది, దాంట్లో చేరితే అన్ని సాఫ్ట్‌వేర్లూ ఆ అంకెను ఒకే తీరులో చదువుకోగలవు. సరే, ముందుకు వెళ్లవచ్చు.

పరికరాన్ని పోర్టులో పెట్టగానే కెర్నల్ మొదట అడిగేది 18 బైట్ల డివైస్ డిస్క్రిప్టర్, అంటే పరికరం తన గురించి చెప్పుకునే వివరాల పట్టిక. తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు అందులో ఉంటాయి. తర్వాత కాన్ఫిగరేషన్ డిస్క్రిప్టర్లు వస్తాయి. వాటిలో ఇంటర్‌ఫేస్‌లు (పరికరం చేసే ఒక్కో పనికి ఒకటి), ఒక్కో ఇంటర్‌ఫేస్‌లో ఎండ్‌పాయింట్లు. ఎండ్‌పాయింట్ అంటే డేటా వెళ్లే లేదా వచ్చే ద్వారం. నంబర్లు ఏ డ్రైవర్ పట్టికతో సరిపోతే ఆ డ్రైవర్‌లోని ప్రోబ్ అనే ఫంక్షన్‌ను కెర్నల్ పిలుస్తుంది. పరికరం ఊడినప్పుడు డిస్‌కనెక్ట్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. రివ్యూలో సగం కాలం ఈ రెండు ఫంక్షన్ల దగ్గరే గడుస్తుంది.

థర్మామీటరు డ్రైవర్ ప్రోబ్‌లో ఇలా ఉందనుకుందాం: మొదటి ఇంటర్‌ఫేస్‌లోని మొదటి ఎండ్‌పాయింట్‌ను తీసుకో, దాని నంబరు దాచుకో. అసలు పరికరంలో మొదటి ఎండ్‌పాయింట్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి కోడ్ చక్కగా నడుస్తుంది. ఎండ్‌పాయింట్లు సున్నా అని చెప్పే నకిలీ పరికరం వస్తే? లేని చోట మెమరీ చదవబోయి కెర్నల్ కూలబడుతుంది. ఎండ్‌పాయింట్ ఉంది కానీ అది లోపలికి కాక బయటికి డేటా పంపే రకమైతే? డేటా పంపే తీరులో ఇంటరప్ట్ రకం అనుకున్నది ఇంకో రకమైన బల్క్ అయితే? ఈ తప్పు ఎంత సాధారణమంటే, కావలసిన రకం ఎండ్‌పాయింట్లను వెతికి, లేకపోతే లేదని చెప్పే సహాయక ఫంక్షన్‌ను 2017లో కెర్నల్‌లోనే చేర్చారు. దాన్ని వాడకుండా చేత్తో లెక్కపెట్టే కొత్త డ్రైవర్ కనిపిస్తే రివ్యూలో మొదటి వ్యాఖ్య అక్కడే పడుతుంది.

ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం అనే అంకె కూడా అలాంటిదే. ఎండ్‌పాయింట్ ఒకసారికి ఎన్ని బైట్లు మోయగలదో పరికరమే చెబుతుంది. పంపాల్సిన డేటాను ఆ అంకెతో భాగించి ఎన్ని ప్యాకెట్లో లెక్కేసే డ్రైవర్లు ఉన్నాయి. పరికరం "సున్నా" అందనుకోండి. సున్నాతో భాగహారం! యూఎస్‌బీ నెట్‌వర్క్ డ్రైవర్లలో సరిగ్గా ఈ లోపమే దొరికితే 2019లో సరిచేశారు.

సమాధానం సగమే వచ్చిన సందర్భం ఇంకా మోసకారిది. డ్రైవర్ ఎనిమిది బైట్లు అడిగింది. తిరిగొచ్చిన విలువ మైనస్‌లో ఉంటే తప్పు జరిగిందని అర్థం, కాబట్టి రాసినవాడు "మైనస్ అయితే వెనక్కి తిరుగు" అని రాశాడు. పరికరం మూడు బైట్లే పంపి ఊరుకుంటే తిరిగొచ్చేది 3. అది మైనస్ కాదు. మిగిలిన ఐదు బైట్లలో అంతకుముందు ఆ మెమరీలో ఏముందో అదే ఉంటుంది, డ్రైవర్ దాన్నే ఉష్ణోగ్రత అనుకుని యూజర్‌కు చూపిస్తుంది. అంకె తప్పుగా కనిపించడం పెద్ద బాధ కాదు. కెర్నల్ మెమరీలోని ఇంకెవరి డేటానో బయటికి కారడం బాధ. అడిగినన్ని బైట్లు రాకపోతే దాన్ని తప్పుగానే లెక్కించే ఫంక్షన్ 2020 చివర్లో వచ్చిన 5.10 వెర్షన్‌లో చేరింది. పాత ఫంక్షన్ కూడా ఉంది, జనం పాత డ్రైవర్లను చూసి కాపీ కొడుతూనే ఉంటారు.

ఈ మొత్తం భయం ఊహ కాదని 2017లో తేలిపోయింది. గూగుల్‌లో పనిచేస్తున్న ఆంద్రే కొనొవలొవ్, సిజ్‌కాలర్ అనే ఫజింగ్ సాధనంతో లినక్స్ యూఎస్‌బీ కోడ్‌ను పరీక్షించాడు. నిజమైన తీగ, పోర్టు ఏమీ లేకుండా, కంప్యూటర్ లోపలే ఒక ఉత్తుత్తి పోర్టు పెట్టి, దానికి పిచ్చిపిచ్చి డిస్క్రిప్టర్లు చెప్పే ఉత్తుత్తి పరికరాలను వరసగా తగిలిస్తూ పోవడం ఆ పద్ధతి. ఆ ఏడాది నవంబరులో ఒకే దెబ్బకు 14 భద్రతా లోపాల వివరాలు బయటపెట్టాడు. వాటిలో ఎక్కువ భాగం పైన చెప్పుకున్న రకాలే: లేని ఎండ్‌పాయింట్‌ను నమ్మడం, పొడవు సరిచూడకుండా చదవడం, విడిచిపెట్టేసిన మెమరీని మళ్లీ తాకడం.

ఇప్పుడు సెర్బియా ఫోన్ దాడిలో వినిపించిన సౌండ్ కార్డు లోపాన్ని దగ్గర నుంచి చూడాలి. రివ్యూ చేసేవాళ్లకు దీనికన్నా మంచి పాఠం దొరకడం కష్టం.

2000ల తొలినాళ్లలో క్రియేటివ్ కంపెనీ ఎక్స్‌టిగీ అనే సౌండ్ కార్డు అమ్మింది. అది తగిలించగానే పూర్తి పరికరంగా కనిపించదు. డ్రైవర్ ఒక ప్రత్యేక సందేశం పంపితే అప్పుడు తన అసలు రూపం చూపిస్తుంది. రూపం మారింది కాబట్టి డ్రైవర్ డివైస్ డిస్క్రిప్టర్‌ను మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. లినక్స్ డ్రైవర్ అదే చేసింది. తెచ్చుకున్న 18 బైట్లను నేరుగా కెర్నల్ దాచుకున్న పాత డిస్క్రిప్టర్ మీదే రాసేసింది. చూడటానికి అందులో తప్పేమీ లేదు.

ఆ 18 బైట్లలో చివరి బైట్, పరికరానికి ఎన్ని కాన్ఫిగరేషన్లు ఉన్నాయో చెప్పే అంకె. పరికరాన్ని మొదట తగిలించినప్పుడు కెర్నల్ ఆ అంకెను సరిచూసి (8 దాటితే 8కి కుదిస్తుంది) అన్ని కాన్ఫిగరేషన్లకు సరిపడా మెమరీ కేటాయించింది. రెండోసారి చదివినప్పుడు నకిలీ పరికరం పెద్ద అంకె చెప్పింది. కేటాయించిన మెమరీ పాతదే, అంకె మాత్రం కొత్తది. తర్వాత పరికరాన్ని పీకినప్పుడు కెర్నల్ కొత్త అంకె ప్రకారం ఒక్కో కాన్ఫిగరేషన్‌ను విడిపించుకుంటూ వెళ్తుంది, కేటాయించిన హద్దు దాటిపోతుంది. అక్కడున్నది ఎవరి మెమరీ అయినా కావచ్చు. దాడి చేసేవాడికి కావలసింది అదే.

ప్యాచ్‌లో కనిపించే లైను సౌండ్ డ్రైవర్‌లో ఉంది, దాన్ని నమ్మి దెబ్బతిన్న లైను అన్ని యూఎస్‌బీ డ్రైవర్లూ వాడుకునే యూఎస్‌బీ కోర్‌లో ఎక్కడో ఉంది. సౌండ్ ఫైల్ ఒక్కటే తెరిచి ఎన్నిసార్లు చదివినా ఇది దొరకదు. "ఈ అంకెను ఇంకెవరు వాడుకుంటున్నారు?" అని కోర్‌లోకి వెళ్లి వెతికితేనే దొరుకుతుంది. ఒకసారి సరిచూసిన విలువ మళ్లీ మారిందంటే, పాత పరిశీలన చెల్లదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. 2024 నవంబరులో వచ్చిన సవరణ ఇలా చేసింది: కొత్త డిస్క్రిప్టర్‌ను ముందు ఒక తాత్కాలిక చోటులోకి చదువు, కాన్ఫిగరేషన్ల అంకె పాతదానికన్నా పెద్దదైతే తిప్పికొట్టు, లేకపోతేనే కాపీ చెయ్యి. ఆలోచన సరైనదే. కానీ ఆ తాత్కాలిక చోటు ఫంక్షన్ స్టాక్ (ఫంక్షన్ నడిచేంతసేపే ఉండే మెమరీ) మీద పెట్టిన లోకల్ వేరియబుల్. యూఎస్‌బీ డేటా డీఎంఏ ద్వారా వస్తుంది. అంటే ప్రాసెసర్ ప్రమేయం లేకుండా హార్డ్‌వేరే నేరుగా మెమరీలోకి రాస్తుంది. స్టాక్ మెమరీని డీఎంఏకి ఇవ్వకూడదన్నది కెర్నల్‌లో పాత నియమం. కొన్ని ఆర్కిటెక్చర్లలో అది అసలే పనిచేయదు. 2016 చివర్లో వచ్చిన 4.9 వెర్షన్ నుంచి మామూలు ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో కూడా స్టాక్‌ను మరో రకం మెమరీలో పెట్టే అవకాశం వచ్చింది, అక్కడా ఇది బెడిసికొడుతుంది. కొద్ది రోజులకే ఇంకో ప్యాచ్ వచ్చి ఆ తాత్కాలిక చోటును హీప్ మెమరీకి (విడిగా అడిగి తీసుకునే మెమరీకి) మార్చింది. భద్రతా లోపాన్ని మూసిన ప్యాచ్‌లోనే, ప్రతి యూఎస్‌బీ డ్రైవర్ రచయితకూ మొదటే చెప్పే తప్పు దొర్లింది, రివ్యూ చేసినవాళ్ల కళ్లూ దాటిపోయింది. అందరి చూపూ ఆ అంకె పోలిక మీదే ఉండి ఉంటుంది. పెద్ద తప్పును సరిచేస్తున్న ప్యాచ్‌ను చదివేటప్పుడు చిన్న తప్పు మీద కన్ను పడదు. మనిషి బుద్ధి అంతే.

థర్మామీటరు డ్రైవర్‌లో కూడా ఇదే నియమానికి ఇంకో రూపం చూడాలి. రాసినవాడు స్టాక్ జోలికి పోలేదు, బుద్ధిగా తన స్ట్రక్చర్‌లోనే (డ్రైవర్ తన వివరాలన్నీ కలిపి పెట్టుకునే చోటు) మధ్యలో ఎనిమిది బైట్ల బఫర్, అంటే వచ్చే డేటా పట్టే చోటు, పెట్టుకున్నాడు. ఇది హీప్‌లోనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ దాని పక్కనే లాక్, కౌంటర్ లాంటి ఫీల్డులు ఉంటే అవన్నీ ప్రాసెసర్ కాష్ (దగ్గర పెట్టుకునే చిన్న మెమరీ)లో ఒకే గదిలో పడతాయి. కొన్ని ఏఆర్ఎం బోర్డుల్లో హార్డ్‌వేర్ బఫర్‌లోకి రాస్తుంటే, అదే సమయంలో ప్రాసెసర్ పక్క ఫీల్డును మార్చితే ఒకరి రాత మీద ఇంకొకరి రాత పడుతుంది. బఫర్‌ను విడిగా కేటాయించుకోమని రివ్యూలో రాయాలి. రాసినవాడి ల్యాప్‌టాప్‌లో ఇది జన్మలో కనిపించదు.

వెబ్‌క్యామ్ లోపం గురించి రెండు మాటలు చాలు. ఆ డ్రైవర్ కెమెరా చెప్పే వీడియో ఫ్రేముల జాబితాను రెండుసార్లు నడుస్తుంది. మొదటిసారి లెక్కపెట్టి మెమరీ కేటాయిస్తుంది, రెండోసారి నింపుతుంది. ఒక రకం ఫ్రేమును మొదటి నడకలో లెక్కలోకి తీసుకోలేదు, రెండో నడకలో మాత్రం నింపారు. పెళ్లిలో విస్తళ్లు లెక్కేసినవాడు చంటిపిల్లల్ని వదిలేస్తే, వడ్డించేవాడు వాళ్లకీ వడ్డించబోయినట్టు. రెండు లూపులు ఒకే జాబితాను నడుస్తున్న కోడ్ ఎక్కడ కనిపించినా, రెండింటి షరతులనూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చాల్సిందే.

అబద్ధాల సంగతి అలా ఉంచితే, రెండో ప్రశ్న సమయానికి సంబంధించింది. యూఎస్‌బీ పరికరాన్ని ఎవరైనా ఎప్పుడైనా పీకేయవచ్చు. గ్రాఫిక్స్ కార్డును నడుస్తుండగా ఎవరూ పీకరు. యూఎస్‌బీ తీగ కాలికి తగిలి ఊడిపోతుంది, పిల్లలు లాగేస్తారు.

యూఎస్‌బీలో డేటా కోసం చేసే ప్రతి విన్నపాన్నీ యూఆర్‌బీ అంటారు. డ్రైవర్ యూఆర్‌బీని నింపి కెర్నల్ చేతికిచ్చి తన పని తాను చూసుకుంటుంది. పని పూర్తయ్యాక, ఊడిపోయినా సరే, డ్రైవర్ ఇచ్చిన ఒక ఫంక్షన్‌ను కెర్నల్ వెనక్కి పిలుస్తుంది. ఆ ఫంక్షన్ నిద్రపోకూడని సందర్భంలో నడుస్తుంది. అందులో మామూలు పద్ధతిలో మెమరీ అడిగినా, మ్యూటెక్స్ (ఒకేసారి ఒకరే తాకేలా ఆపే లాక్) పట్టుకున్నా తప్పే. దీన్ని సాధనాలు కూడా కొంతవరకు పడతాయి. సాధనాలకు అంత తేలిగ్గా దొరకనిది వరుస.

మన థర్మామీటరు ఇలా పనిచేస్తుందనుకుందాం. కొత్త రీడింగ్ రాగానే యూఆర్‌బీ తాలూకు ఫంక్షన్ ఒక పనిని వర్క్ క్యూలో (తర్వాత చేయాల్సిన పనుల వరుసలో) వేస్తుంది. ఆ పని రీడింగ్‌ను లెక్కగట్టి, యూఆర్‌బీని మళ్లీ పంపుతుంది. యూఆర్‌బీ పనిని పుట్టిస్తుంది, పని యూఆర్‌బీని పుట్టిస్తుంది. చక్రం తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు తీగ పీకారు, డిస్‌కనెక్ట్ నడుస్తోంది. ఈ చక్రాన్ని ఆపి, ఆ తర్వాత మెమరీని విడిచిపెట్టాలి.

రాసినవాడు ముందు క్యూలోని పనిని రద్దు చేసి, తర్వాత యూఆర్‌బీని చంపాడు. రెండింటి మధ్య ఉన్న సందులో యూఆర్‌బీ ఫంక్షన్ ఒకసారి నడిచి కొత్త పనిని క్యూలో వేసింది. మెమరీ విడిచిపెట్టాక ఆ పని లేచి, లేని స్ట్రక్చర్‌ను తాకింది. సరే, వరుస తిప్పి ముందు యూఆర్‌బీని చంపి, తర్వాత పనిని రద్దు చేద్దామంటే, అప్పటికే నడుస్తున్న పని ఆ సందులో యూఆర్‌బీని మళ్లీ పంపేస్తుంది. యూఆర్‌బీని చంపే మామూలు ఫంక్షన్, చంపుతున్నంతసేపే మళ్లీ పంపడాన్ని అడ్డుకుంటుంది. తన పని అయిపోయాక అడ్డు తీసేస్తుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

దీనికోసమే పాయిజన్ అనే ఇంకో ఫంక్షన్ ఉంది. అది యూఆర్‌బీని ఆపడమే కాకుండా, ఇకపై ఎవరు పంపబోయినా కుదరకుండా విషం పెట్టి ఉంచుతుంది. ముందు పాయిజన్ చేసి, తర్వాత పనిని రద్దు చేసి, ఆఖరున మెమరీ విడిచిపెడితే చక్రం ఆగుతుంది. కోడ్‌లో ఇది ఒక్క పదం తేడా. ప్యాచ్ చదివేవాడు కాగితం మీద ఆ చక్రం బొమ్మ గీసుకుంటే తప్ప ఆ పదం ఎందుకు కావాలో తెలియదు. నిజంగానే గీసుకోవాలి, తలలో గీసుకుంటే ఒక బాణం మర్చిపోతాం.

ఊడిన క్షణానికి, ఊడిందని కెర్నల్‌కు తెలిసే క్షణానికి మధ్య కూడా కొంత కాలం ఉంటుంది. పోర్టులను చూసే హబ్ చెబితే గానీ కెర్నల్‌కు తెలియదు. ఆ కాసేపు యూఆర్‌బీలు ప్రోటోకాల్ తప్పుతో వెనక్కి వస్తుంటాయి. ఏ తప్పు వచ్చినా వెంటనే మళ్లీ పంపే డ్రైవర్ అప్పుడు గిరగిరా తిరుగుతుంది, తిరిగిన ప్రతిసారీ లాగ్‌లో ఒక లైను రాస్తుంది. చిన్న బోర్డుల్లో ఇది మెషీన్‌ను కాసేపు బిగుసుకుపోయేలా కూడా చేయగలదు.

పరికరం పోయినా ఫైల్ మిగిలే ఉంటుందన్నది ఇంకో సంగతి. డ్రైవర్ యూజర్ ప్రోగ్రాముకు ఒక డివైస్ ఫైల్ తెరిచి ఇచ్చిందనుకోండి. తీగ పీకాక కూడా ఆ ప్రోగ్రాము ఫైల్‌ను పట్టుకునే ఉంటుంది, పది నిమిషాల తర్వాత తీరిగ్గా చదవబోతుంది. డిస్‌కనెక్ట్‌లోనే స్ట్రక్చర్‌ను విడిచిపెట్టేస్తే ఆ చదువు లేని మెమరీలోకి పోతుంది. అందుకే ఎవరెవరు పట్టుకున్నారో లెక్క పెట్టుకునే రిఫరెన్స్ కౌంట్ ఉండాలి, పరికరం పోయిందన్న గుర్తు ఉండాలి, ఆ గుర్తును చూడటం, మార్చడం ఒకే లాక్ కింద జరగాలి. కెర్నల్ సోర్స్‌లోనే యూఎస్‌బీ అస్థిపంజరం అనే నమూనా డ్రైవర్ ఉంది, ఇవన్నీ అందులో చూపించారు. చాలామంది దాన్ని కాపీ చేసి, అర్థంకాని లాక్‌లను "అవసరం లేదులే" అని తీసేస్తారు. తీసేసిన చోటే ప్రమాదం ఉంటుంది. కాబట్టి రివ్యూలో ఉన్న కోడ్‌తో పాటు నమూనాలో ఉండి ఇందులో లేని కోడ్‌ను కూడా చూడాలి. ప్రోబ్‌లో అన్నీ సిద్ధం చేశాకే ఫైల్‌ను రిజిస్టర్ చేయడం కూడా ఇందులో భాగమే. రిజిస్టర్ అయిన మరుక్షణం ఎవరో తెరవవచ్చు, ప్రోబ్ ఇంకా సగంలోనే ఉన్నా సరే.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. డిస్క్రిప్టర్లలోని రెండు బైట్ల అంకెలు చిన్న వైపు ముందు ఉండే క్రమంలో వస్తాయి, వాటిని మార్చుకోకుండా వాడితే మామూలు ల్యాప్‌టాప్‌లో పనిచేస్తుంది, పాత మిప్స్ రౌటర్‌లో తప్పుతుంది. స్పార్స్ అనే సాధనం దీన్ని పట్టేస్తుంది. ట్యాబులు, లైను పొడవు లాంటివి చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్టు చూసుకుంటుంది. కొత్తగా రివ్యూలు మొదలుపెట్టినవాళ్లు ఇలాంటి వాటి మీదే పది వ్యాఖ్యలు రాసి సంతృప్తి పడుతుంటారు. అందులో పెద్ద నేరమేమీ లేదు గానీ, డిస్‌కనెక్ట్ ఫంక్షన్ చదవకుండా ఖాళీ లైన్ల గురించి రాస్తే ప్యాచ్‌ను ఎవరో చూశారన్న తప్పుడు ధైర్యం మాత్రం మిగులుతుంది.

ప్యాచ్‌తో పాటు వచ్చే వివరణ కూడా రివ్యూ చేయాల్సిందే. "మెమరీ లీక్ సరిచేశాను" (లీక్ అంటే వాడిన మెమరీని విడిచిపెట్టకపోవడం) అంటే చాలదు. ఏ దారిలో లీక్ అయింది, ఎలా తెలిసింది, నిజం పరికరంతో పరీక్షించారా, ఏ పాత మార్పు వల్ల వచ్చింది అన్నవి ఉండాలి. లీక్ సవరణలు ముఖ్యంగా అనుమానించదగ్గవి. తప్పు దారిలో ఒక విడుదల లైను చేర్చడం చూడటానికి మంచి పనే, కానీ అదే మెమరీని తర్వాత ఇంకొకరు విడుదల చేస్తుంటే రెండుసార్లు విడుదలవుతుంది. మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ రివ్యూను పరీక్షించడానికి కావాలని తప్పులున్న ప్యాచ్‌లు పంపినప్పుడు ఇలాంటి చిన్నచిన్న సవరణల వేషమే వేశారు. 2021 ఏప్రిల్‌లో అది పెద్ద గొడవైంది. యూఎస్‌బీ విభాగాన్ని కూడా చూసుకునే గ్రెగ్ క్రోవా-హార్ట్‌మన్ ఆ విశ్వవిద్యాలయం నుంచి ప్యాచ్‌లు తీసుకోబోమని ప్రకటించి, పాతవాటిని కూడా వెనక్కి తీసి మళ్లీ చూడాలన్నాడు. మళ్లీ చూస్తే వాటిలో ఎక్కువ భాగం మంచివేనని తేలింది, అది వేరే కథ.

కెర్నల్‌లో రివ్యూ చేసినవాడి పేరు ప్యాచ్ చరిత్రలో శాశ్వతంగా ఉంటుంది. "రివ్యూడ్-బై" అనే లైనులో పేరు రాసుకోవడమంటే, ఈ కోడ్‌ను సాంకేతికంగా పరిశీలించాను, తెలిసినంతలో చేర్చదగినదే అని చెప్పడం. ప్యాచ్ కంపైల్ చేసి పరికరంతో నడిపి చూసినవాడికి వేరే లైను ఉంది, విభాగం మెయింటైనర్ పైపైన ఒప్పుకున్నప్పుడు ఇంకోటి. డిస్‌కనెక్ట్ చదవకుండా రివ్యూడ్-బై ఇవ్వడం కన్నా, "నేను యూఆర్‌బీ భాగం వరకే చూశాను" అని రాయడం ఎంతో ఉపయోగం. మిగతా భాగం ఎవరూ చూడలేదని మెయింటైనర్‌కు తెలుస్తుంది.

థర్మామీటరు ప్యాచ్ రెండో వెర్షన్ వచ్చిందనుకుందాం. ఎండ్‌పాయింట్లను సహాయక ఫంక్షన్‌తో వెతుకుతోంది, బఫర్ విడిగా ఉంది, అడిగినన్ని బైట్లు రాకపోతే తప్పు చెబుతోంది, డిస్‌కనెక్ట్‌లో పాయిజన్ వచ్చింది. అదే ఊపులో రాసినవాడు సస్పెండ్ (మెషీన్ నిద్రపోయేటప్పుడు నడిచే) ఫంక్షన్‌లో కూడా చంపడం తీసేసి పాయిజన్ పెట్టాడు. మేల్కొన్నప్పుడు నడిచే రెజ్యూమ్‌లో ఆ విషం దించే లైను లేదు. ల్యాప్‌టాప్ మూత వేసి తెరిచాక యూఆర్‌బీ ఇక ఎప్పటికీ బయల్దేరదు. తప్పు ఏదీ కనిపించదు, లాగ్ శుభ్రంగా ఉంటుంది, థర్మామీటరు మాత్రం నిన్నటి ఉష్ణోగ్రతనే చూపిస్తూ ఉంటుంది.